పక్క షాపు పెద్దాయన, నేను టైప్ చేసిన అర్జీ

పక్క షాపు పెద్దాయన పోయాడన్న కబురు మొన్న మంగళవారం పొద్దున, నేను షట్టర్ తీస్తుండగా తెలిసింది. సోమవారం నేను ఊళ్ళో లేను. గల్లీ మొదట్లో పూలమ్మే అక్క నన్ను చూసి చేతిలో మూర కింద పెట్టి వచ్చింది.

"నీ దుష్మన్ పోయిండన్నా," అంది. "నిన్న పగటీలి షట్టర్ దించుకున్నోడు మల్ల లేపలే. నెల్లూరు నుంచి మేనల్లుడు సరుకు తీస్కొని వచ్చి ఎంతసేపు కొట్టినా తీయలేదంట. లోపట చాప మీదనే ఉన్నడంట."

ఎదురుగా హార్డ్‌వేర్ షాపాయన, మా గల్లీ షాపుల సంఘానికి కార్యదర్శి, టీ తాగుతున్నాడు. "పీడ పోయింది," అన్నాడు. నాకూ ఒక టీ చెప్పాడు. ఆ టీ నేను తాగలేదు.

పెద్దాయన్ని పొగడడానికి ఇది రాయడం లేదు. పన్నెండేళ్ళు మా మధ్య ఒక గోడ ఉంది. ఆ గోడకు అటూ ఇటూ మేం మంచి మాట అనుకున్నది చాలా తక్కువ. అయినా, నాకు పాఠం చెప్పినవాళ్ళు ఎవరని ఎవరైనా అడిగితే, బడిలో సార్లకంటే ముందు ఈయనే గుర్తొస్తాడు. అందుకే రాస్తున్నాను.

మాది పాలమూరు జిల్లా. అశోక్‌నగర్ హాస్టళ్ళలో ఆరేళ్ళు గ్రూప్స్‌కు చదివి, ఉద్యోగం రాక, చిక్కడపల్లిలో ఈ జిరాక్స్, డీటీపీ షాపు పెట్టుకున్నాను. అప్పటికే పెద్దాయన పక్క మడిగలో ముప్పై ఏళ్ళుగా లుంగీలు అమ్ముతున్నాడు. మొదటిరోజు మర్యాదగా పలకరించబోయాను.

"నమస్తే చాచా."

"ఎవరు నీకు చాచా?"

"పోనీ కాకా అంట. మా దిక్కు చిన్నాయినను గట్లనే అంటరు."

"మాకు కాకా అంటే అన్న. నీకు నేను అన్నను గాను."

"మరి ఏమని పిలవాలె?"

"పిలవకు. పనుంటే చెప్పు."

నన్ను మాత్రం ఆయన పిలిచేవాడు. "ఏయ్ జిరాక్స్" అనేవాడు. నా పేరు ఆయనకు తెలుసో లేదో చాలా ఏళ్ళు నాకు తెలియలేదు.

ఆయనది కీళక్కరై. తమిళ దేశంలో, రామనాథపురం దగ్గర సముద్రపుటొడ్డు ఊరు. వాళ్ళను మరక్కాయర్లంటారు. తరతరాలుగా పడవల మీద సిలోనుకూ మలయాకూ బట్టలు, ముత్యాలు తీసుకుపోయి అమ్మిన ముస్లింలు. ఇంట్లో మాట్లాడేది తమిళం. తాత సొంత పడవ మీద తిరిగాడట. తండ్రి కాలానికి పడవలు పోయి దుకాణాలు మిగిలాయి. ఈయన లుంగీల మూటతో నారాయణగూడకు వచ్చి, వైఎంసీఏ చౌరస్తాలో నిలబడి అమ్మి, తర్వాత ఈ మడిగ తీసుకున్నాడు. హాస్టల్ పిల్లలు ఊరి నుంచి దిగగానే ముందు కొనే బట్ట లుంగీ. అందుకని గిరాకీ ఎప్పుడూ ఉండేది.

అమ్మే తీరు కూడా పోట్లాటలాగే ఉండేది. ఎవరైనా రంగు చూసి లుంగీ పట్టుకుంటే చేతిలోంచి లాక్కొని, మడత విప్పి, వీధి వైపు తిరిగి ఎండకు ఎత్తి పట్టేవాడు. "ఇంటికి పోయి ఉతికినంక తిట్టుకునుడు గాదు. ఈడనే వెలుతురుకు పట్టి చూడు," అనేవాడు. నేత పలచగా ఉంటే తనే "ఇది వద్దు" అని లోపలికి విసిరేసేవాడు. అలా గిరాకీ పోగొట్టుకున్న రోజులు నేను చూశాను.

తనకు సొంత ఇల్లు లేదని ఒకసారి చెప్పాడు. వాళ్ళలో ఇల్లు ఆడపిల్లకిస్తారట. పెళ్ళయ్యాక మగవాడే భార్య ఇంటికి పోతాడు. "పుట్టినిల్లు చెల్లెది. ఉన్నిల్లు పెండ్లానిది. ఆమె పోయినంక బిడ్డది. మొగోడు చుట్టమే," అన్నాడు. జాలి పడతానేమోనని వెంటనే, "నీ మెషిన్ చప్పుడు జర తక్కువ చేసుకో," అన్నాడు.

ఆయనకు ఉర్దూ సరిగా రాదు. గల్లీలోని ముస్లింలు ఆ ఉర్దూ విని నవ్వేవాళ్ళు. దగ్గరి మసీదులో ఆయన నమాజు చేసే పద్ధతి వేరుగా ఉందని మాట అన్నారట. వాళ్ళది హనఫీ పద్ధతి, ఈయనది షాఫీ. వంగే ముందు, లేచాక చేతులెత్తుతాడు. ఆమీన్ గట్టిగా అంటాడు. ఎవరో చెయ్యి కిందికి లాగారు. ఈయన ఆ చెయ్యి తోసేశాడు. ఆ రోజు నుంచి శుక్రవారం మాత్రం బస్సెక్కి ఎక్కడో దూరంగా వెళ్ళేవాడు. మిగతా రోజులు షాపులోనే. సాయంత్రపు నమాజు, అస్ర్, వాళ్ళ లెక్కలో ఇక్కడి వాళ్ళకంటే గంట ముందే వస్తుంది. మసీదులో అజాన్ ఇంకా పలకకముందే ఈయన షట్టర్ సగం దించేవాడు. ఇది షాఫీ సంగతని నాకు తర్వాత తెలిసింది. అప్పట్లో గల్లీ మొత్తానికి అదొక అనుమానం.

ఆదివారం రాంనగర్ మార్కెట్ నుంచి పీతలు తెచ్చి వెనక గదిలో వండేవాడు. ఆ వాసన గోడ దాటి నా కాగితాలకు పట్టేది. నేను గొడవ పెట్టుకున్నాను. తమ పద్ధతిలో పీతలు తినకూడదని ఇక్కడి ముస్లింలూ మూతి విరిచేవాళ్ళు. "మీకు వాసన గొడవ, వాళ్ళకు ధర్మం గొడవ," అని ఆయన మా ఇద్దరినీ కలిపి తిట్టాడు. వండటం మానలేదు.

ప్రతి గురువారం పొద్దుగూకే వేళకు ఆ వెనక గదిలో నలుగురైదుగురు చేరేవాళ్ళు. ఆ తీరం నుంచి ఆస్పత్రి పనికో సరుకు పనికో వచ్చినవాళ్ళు. తెల్ల లుంగీలు, టోపీలు. గుండ్రంగా కూర్చుని ప్రవక్త మీద పొగడ్తలు రాగం తీసి చదివేవాళ్ళు. మధ్యలో పెద్దాయన గొంతు ఒక్కటే వినబడేది. మనిషి మాటలో లేని మెత్తదనం ఆ గొంతులో ఉండేది. అయిపోయాక తలా ఇన్ని మరమరాలు, కొబ్బరి, బెల్లం. నాకెప్పుడూ పెట్టలేదు. నేనూ అడగలేదు.

మా మధ్య పగ ముదిరింది నీళ్ళ దగ్గర. ఒక నోటిఫికేషన్ పడ్డప్పుడు దరఖాస్తుల కోసం పిల్లలు నా షాపు ముందు వరుస కట్టారు. ఆ వరుస ఆయన మెట్ల మీదికి పోయింది. రెండుసార్లు అరిచాడు. మూడోసారి బకెట్ తెచ్చి మెట్ల మీద నీళ్ళు గుమ్మరించాడు. మక్తల్ నుంచి వచ్చిన ఒక అమ్మాయి మెట్టు మీద ఫైలు పెట్టుకొని కూర్చుంది. ఆమె సర్టిఫికెట్లు తడిశాయి. కులం సర్టిఫికెట్ మీద సిరా అలుక్కుపోయింది. ఆ అమ్మాయి ఏడుస్తూ కాగితాలు ఒక్కొక్కటీ నా మెషిన్ వేడికి ఆరబెట్టుకుంది. నేను ఆయన్ని నోటికొచ్చింది అన్నాను. ఆయన షట్టర్ దించుకున్నాడు.

నెల తర్వాత సంఘం కార్యదర్శి నా దగ్గరికి వచ్చాడు. ఆ రోజుల్లో ఎక్కడో జరిగిన గొడవ టీవీలో పొద్దస్తమానం చూపిస్తున్నారు. గల్లీలో మాటలు మారిపోయాయి.

"ఆయనను ఖాళీ చేపియ్యాలె. స్టేషన్ల ఒక అర్జీ ఇద్దాం. నీకు భాష మంచిగొస్తది, జర దిద్ది టైప్ చెయ్యి," అన్నాడు.

అతను తెచ్చిన కాగితంలో రెండు మాటలున్నాయి. గురువారం గురువారం కొత్త మనుషులు వస్తున్నారు. అర్థం కాని భాషలో మాట్లాడుకుంటున్నారు. నేను దాన్ని దిద్దాను. 'గల్లీ ప్రజలు తీవ్ర భయాందోళనలకు గురవుతున్నారు' అని ముగింపు చేర్చాను. అంతటితో ఆగలేదు. మూడో మాట నా సొంతం: 'అజాన్ వేళ కాకుండానే షట్టర్ దించుకొని లోపల రహస్య కార్యకలాపాలు సాగిస్తున్నారు.' రాసి, చదువుకొని, బాగుందనుకున్నాను. నలభై కాపీలు తీశాను. పద్దెనిమిది మంది సంతకాలు చేశారు.

"నువ్వు కూడ పెట్టు," అన్నాడు కార్యదర్శి.

"పక్క షాపోణ్ణి గదా, నాకెందుకు పరేషాన్," అన్నాను.

ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చాడు. వెనక గది తెరిపించారు. లుంగీల కట్టలు, చాప, స్టవ్వు, ఒక ట్రంకు. ట్రంకులో అట్ట ఊడిన నోటుబుక్కు ఒకటి దొరికింది. ఎస్సై ఒక పేజీ తెరిచి, "ఇది అరబీ గదా, చదువు," అన్నాడు. పెద్దాయన చదివాడు.

"ఇది అరబీ గాదు. ఏం భాష ఇది?"

"అక్షరం అరబీది. మాట తమిళం. మా ఊర్ల ఆడోళ్ళు గిట్లనే రాస్తరు. మా అమ్మ రాసింది."

"ఏం రాసింది?"

"నాయిన పడవ పోయినప్పుడు ఇంట్ల చదివే దువా. పిల్లలకు కడుపునొప్పి వస్తే ఏం నూరియ్యాలె. మేము ఏ నెలల పుట్టినం. గంతే."

"అరబీ అక్షరాలల్ల తమిళం ఎవడు రాస్తడయ్యా," అని ఎస్సై నోటుబుక్కు కానిస్టేబుల్ చేతికిచ్చాడు. పెద్దాయన చెయ్యి దాని వెంటే కొంతదూరం పోయి ఆగింది. నేను నా గుమ్మంలోంచి చూస్తున్నాను. మసీదు దిక్కు నుంచి ఎవరూ రాలేదు. గల్లీ అంతా బయట నిలబడి ఉంది. ఆయన్ని జీపెక్కించారు. మళ్ళీ గుంపు చేర్చనని రాయించుకొని పొద్దుగూకే వేళకు వదిలారు. నోటుబుక్కు ఇవ్వలేదు.

మర్నాడు పొద్దున ఆయన నా షాపులోకి వచ్చాడు. అన్నేళ్ళలో లోపలికి రావడం అదే మొదటిసారి. చేతిలో అర్జీ కాపీ. స్టేషన్‌లో అడిగి తెచ్చుకున్నాడట.

"వకీలుకియ్యాలె. రెండు తియ్యి."

తీశాను. కాపీలు తీసుకొని, అలవాటు ప్రకారం వీధి వైపు తిరిగి ఒక్కొక్కటీ వెలుతురుకు పట్టి చూశాడు. తను తెచ్చినదాన్ని కూడా అలాగే చూశాడు. మూడింటి మీదా ఎడమ పక్క నుంచి సన్నని నల్లగీత పైనుంచి కిందికి ఉంది. నా మెషిన్ డ్రమ్ము గీసుకుపోయి చాలా నెలలైంది.

"ఈ గీత నీదే," అన్నాడు.

నేను మెషిన్ మూత దించాను.

"నేను నీళ్ళు పోసిన. ఆ పిల్ల కాయితాలు తడిసినై. గది నా తప్పు. గదొక్కటే నిజంగ నేను చేసిన తప్పు. ఇండ్ల గది రాయలే నువ్వు."

"వాళ్ళు చెప్పిందే టైప్ చేసిన," అన్నాను.

"సంతకం పెట్టినోళ్ళ మీద నాకు కోపం తక్కువ. వాళ్ళ పేరు ఉంది. రేపు అడుగొచ్చు. నీ పేరేది?" కాగితం తిప్పి వెనక కూడా చూశాడు. "యాడ లేదు."

గల్లాపెట్టె మీద చిల్లర పెట్టి వెళ్ళిపోయాడు.

గురువారం వచ్చింది. వెనక గదిలో ఎవరూ లేరు. గోడకు అటువైపు ఆయన ఒక్కడే చదివాడు. రాగం అందుకునే నలుగురి చోట ఖాళీ వదిలి, ఆగి, మళ్ళీ అందుకున్నాడు. నేను కీబోర్డు మీద చేతులు పెట్టుకొని ఆ ఖాళీలన్నీ విన్నాను. మూడు గురువారాలు అలాగే జరిగింది.

నాలుగో వారం కూర్చొని ఇంకో కాగితం టైప్ చేశాను. అర్జీ భాష నాదనీ, మూడో మాట నేను చూడకుండా ఊహించి రాసిందనీ, ఆయన నమాజు వేళే వేరనీ, గురువారం వచ్చేవాళ్ళు పాటలు చదువుకొని మరమరాలు తిని పోతారనీ, ఆ నోటుబుక్కు ఆయన తల్లిదనీ రాశాను. కింద నా పేరు, తండ్రి పేరు, ఊరు, షాపు చిరునామా. సంతకం పెట్టి స్టేషన్‌కు పోయాను.

ఎస్సై చదివి, "గప్పుడు నువ్వే రాస్తివి, ఇప్పుడు నువ్వే రాస్తివి. నిన్నేం చెయ్యాలె?" అన్నాడు.

"ఏం చేసినా మంచిదే సార్. ఆ బుక్కు ఇచ్చేయండి."

మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టారు. మరో పది రోజులకు తిప్పించుకొని బుక్కు ఆయనకే ఇచ్చారు. పేజీలన్నిటికీ మూలన రంధ్రం గుచ్చి, ఫైళ్ళకు కట్టే ఎర్ర ట్యాగు దోపి ఉంది. ఆ రంధ్రం ఆయన పుట్టిన నెల రాసిన అక్షరాల్లోంచి పోయింది. ఆయన ట్యాగు విప్పాడు. రంధ్రాలను ఏమీ చేయలేకపోయాడు.

నా కాగితం సంగతి గల్లీకి తెలిసింది. సంఘంలోని షాపులవాళ్ళు నా దగ్గర పని చేయించుకోవడం మానేశారు. నా బోర్డు రోడ్డు మీదికి వచ్చిందని ఎవరో ఫిర్యాదు చేశారు. ఒకరోజు పొద్దున వచ్చేసరికి నా షట్టర్ మీద నల్ల పెయింటుతో 'అమ్ముడువోయినోడు' అని పెద్దగా రాసి ఉంది. నేను కిరసనాయిలు, గుడ్డ తెచ్చుకొని తుడుస్తుంటే పెద్దాయన వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకొని చదివాడు.

"అక్షరం మంచిగ లేదు," అన్నాడు. "నువ్వు టైప్ చేసిస్తే బాగుండు."

పన్నెండేళ్ళలో ఆయన నాతో చేసిన పరాచికం అదొక్కటే. నాకు నవ్వు రాలేదు. ఆయనా నవ్వలేదు. కానీ తన షట్టర్ తీయకుండా మెట్టు మీద కూర్చున్నాడు. నేను తుడిచినంతసేపూ, గంటన్నర, అలాగే వీధికి ఎదురుగా కూర్చున్నాడు. ఒక గిరాకీ వస్తే "ఇంక తీయలే" అని పంపేశాడు. ఎదురుగా హార్డ్‌వేర్ షాపాయన చూస్తూనే ఉన్నాడు. చివరి అక్షరం పోయాక లేచి లుంగీ దులుపుకొని తన తాళం తీశాడు. క్షమించానని అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.

వరుస తన మెట్లెక్కితే మళ్ళీ అరిచేవాడు. నేనూ మళ్ళీ అరిచేవాణ్ణి. పీతల వాసన వచ్చేది. ఆ మక్తల్ అమ్మాయి రెండేళ్ళకు పంచాయతీ సెక్రటరీ ఉద్యోగం వచ్చిందని స్వీట్లు తెచ్చినప్పుడు, పక్క షాపుకు పోయి ఇవ్వమన్నాను. ఆయన తీసుకొని, "నీ కాయితాలు తడిపింది నేనే," అన్నాడట. ఆ అమ్మాయే వచ్చి నాకు చెప్పింది.

అప్పటి నుంచి కింద పేరు లేని అర్జీ నేను టైప్ చేయను. వచ్చినవాళ్ళు విసుక్కుంటారు, ఇంకో షాపుకు పోతారు. పోనిస్తాను. ఇంత చిన్న మార్పుకు ఆయన్ని గురువు అనొచ్చో లేదో తెలియదు. అంటే ఆయన ఒప్పుకునేవాడు కాదు.

మంగళవారం మధ్యాహ్నం ఖననం. శ్మశానంలో చోటు అడిగితే, మా మసీదు జమాత్‌లో పేరు రాయించుకోలేదన్నారట మొదట. మేనల్లుడు చాలాసేపు బతిమాలాక ఒక మూల, ప్రహరీ గోడ పక్కన చూపించారు. బిడ్డ ఇంకా రైల్లోనే ఉంది. పదిహేను మంది ఉన్నాం. మా గల్లీ నుంచి నేను, పూలమ్మే అక్క భర్త.

మట్టి పోయడం అయ్యాక అందరూ కదిలారు. మేనల్లుడు మాత్రం తలవైపు, సమాధికి ఎదురుగా కూర్చున్నాడు. స్థానిక పెద్ద ఒకాయన వెనక్కి తిరిగి, "ఇక్కడ ఆ పద్ధతి లేదు, లేవయ్యా," అన్నాడు.

"మా దగ్గర ఉందండి," అన్నాడు మేనల్లుడు. లేవలేదు.

ఆ స్థానిక పెద్ద విసురుగా వెళ్ళిపోయాడు. ఆయన వెంట మిగతావాళ్ళు. నేను నిలబడిపోవడం చూసి మేనల్లుడు నెల్లూరు తెలుగులో నెమ్మదిగా చెప్పాడు. "ఇప్పుడు ఇద్దరు దూతలు వచ్చి అడుగుతారండి. నీ దేవుడెవరు, నీ ప్రవక్త ఎవరు, అని. మామయ్య ఒక్కడే ఉన్నాడు కదా. కంగారు పడకుండా మేం జవాబులు గుర్తు చేస్తాం."

తర్వాత మట్టి మీదికి వంగి, మామయ్యను తల్లి పేరుతో, ఫలానామె కొడుకా అని పిలిచాడు. పెద్దాయన్ని అలా ఒకరి కొడుకుగా పిలవడం నేను వినడం అదే మొదలు. అరబీలో చెప్పాడు, తమిళంలో చెప్పాడు. కొత్త ఊరికి పోయేవాడికి దారి చెప్పినట్టు, ఒక్కో మాట దగ్గర ఆగి చెప్పాడు. గోడ అవతల బస్సు హారన్లు ఆగకుండా మోగుతున్నాయి. అంతా అయిపోయిందనుకున్నాను. మేనల్లుడు కాసేపు తల వంచుకొని చూశాడు. ఇంకొంచెం ముందుకు జరిగి, పచ్చిమట్టి మీద అరచెయ్యి ఆనించి, ముసలివాళ్ళకు వినబడనప్పుడు పెంచినట్టు కొద్దిగా గొంతు పెంచి, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.